మొదటి స్వామి

తెనాలి నుండి రేపల్లెకు పోవు రైలుమార్గమున భట్టిప్రోలు అను గ్రామము కలదు. ఒకప్పుడు కృష్ణా జిల్లాలోను, పిదప గుంటూరు జిల్లాలోను ఉన్న ఆ ఊరు 2022 నుండి బాపట్ల జిల్లాలో చేరినది. జిల్లాలు మారినవి గాని ఊరి చెంతనున్న పెద్ద దిబ్బ మాత్రము ఉన్నచోటనే ఉన్నది. అది రెండువేల సంవత్సరములకు పూర్వపు బౌద్ధస్తూపము. దానిని కట్టించినవారు, కొలిచినవారు అందరును గతించిన తరువాత ఆ దిబ్బకు దిక్కు లేకపోయినది. పందొమ్మిదవ శతాబ్దిలో రోడ్లు వేయువారు దాని ఇటుకలను, కాలువ పనులు చేయువారు దాని పాలరాళ్లను తీసికొనిపోయినారు. ఇది ఎవరి సొమ్మని వారెవ్వరును అడుగలేదు. అడిగినను బదులు చెప్పువాడు లేడు.

మిగిలినదానిని 1892లో పురాతత్త్వశాఖకు చెందిన అలెగ్జాండర్ రీ త్రవ్వించినాడు. స్తూపగర్భమున మూడు రాతి మంజూషలు బయటపడినవి. వాని లోపల కరండములు, స్ఫటికపు భరిణెలు, అస్థిఖండము, ముత్యములు, పూసలు, వానితోబాటు పలుచని బంగారు రేకుతో చేసిన చిన్న చిన్న పువ్వులు ఉన్నవి. మంజూషల మీద బ్రాహ్మీలిపిలో ప్రాకృత వాక్యములు చెక్కి ఉన్నవి. బ్యూలర్ అను జర్మను పండితుడు వానిని చదివి ప్రకటించినాడు. ఆ శాసనములు క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్ది ప్రాంతమువని పెక్కుమంది అభిప్రాయము. తెలుగు లిపి పుట్టుపూర్వోత్తరములు చెప్పువారెవరును భట్టిప్రోలు పేరు ఎత్తక మానరు.

ఆ వాక్యములలో దాతల పేర్లున్నవి. కుబిరకుడను రాజు పేరున్నది. గోష్ఠి, నిగమము అను ఆ కాలపు సంఘముల పేర్లున్నవి. ఒక స్ఫటికము మీద స్త్రీలు చేసిన దానము చెప్పబడినది. అయితే అన్నిటికంటె మొదటి మంజూష మీది మాట మనస్సునకు హత్తుకొనును. ఆ మంజూషను, స్ఫటికపు భరిణెను చేయించినవారు నలుగురట: కురుడను వాని తండ్రి, కురుడను వాని తల్లి, కురుడు, శివుడు. కొడుకు పేరు చెప్పినారు. తల్లిదండ్రుల పేర్లు చెప్పలేదు. అంత ధనము వెచ్చించి, రాతిమీద శాశ్వతముగా అక్షరములు చెక్కించుచు, తమ పేరు వ్రాయించుకొనుటకు బదులు "ఫలానావాని తండ్రి, ఫలానావాని తల్లి" అని వ్రాయించుకొన్నారు. నేటికిని తెలుగు ఇండ్లలో పెద్ద ముత్తైదువ భర్త పేరు చెప్పదు. "పిల్లవాని నాన్నగారు" అనును. ఆ మర్యాద ఎంత పాతదో చెప్పజాలము గాని భట్టిప్రోలు రాయి చదివినవారికి అది గుర్తుకు రాక మానదు.

ఆ బంగారు పువ్వులకు మొదటి స్వామి ఎవరు? కురుని తల్లిదండ్రులా? వారు ఎవరికి సమర్పించినారో ఆ బుద్ధుడా? నేల త్రవ్వించిన ప్రభుత్వమా? ఈ ప్రశ్న వినుటకు సులభముగా ఉన్నది గాని తేల్చుట సులభము కాదు.

"స్వామి" అను పదమును తిరుమలకు పోవు భక్తుడు దినమునకు వేయిసార్లు పలుకును. ధర్మశాస్త్రజ్ఞుడును పలుకును. భక్తుని నోట ఆ పదమునకు అర్థము శ్రీనివాసుడు. శాస్త్రజ్ఞుని నోట అర్థము సొత్తు గలవాడు. "స్వము" అనగా సొమ్ము, అది కలవాడు స్వామి. ఈ రెండు అర్థములు వేరువేరు పదములకు చెందినవి కావు, ఒకే పదమునకు చెందినవి. వైష్ణవ సిద్ధాంతమంతయు ఈ పదములో ఇమిడియున్నదని చెప్పినను అతిశయోక్తి కాదు. జీవుడు స్వము, భగవంతుడు స్వామి. అందుచేత వస్తువు ఎవరిదను ప్రశ్న వైష్ణవ గృహస్థునకు కేవలము కోర్టు వ్యవహారము కానేరదు.

మనువు వ్యవహారపదములు పదునెనిమిది చెప్పినాడు. అందు మొదటిది ఋణాదానము, రెండవది నిక్షేపము, మూడవది అస్వామివిక్రయము. తనది కాని వస్తువును తనదివలె అమ్ముట అస్వామివిక్రయము. దొంగతనమునకు వేరుగా ఒక పదము ఉండగా దీనిని మరల ఎందులకు చెప్పవలెనన్న సందేహము కలుగవచ్చును. దొంగతనములో ఇద్దరే ఉందురు: పోగొట్టుకొన్నవాడు, తీసినవాడు. అస్వామివిక్రయములో మూడవవాడు వచ్చును. అతడు కొన్నవాడు. అతడు దొంగ కాకపోవచ్చును, సొమ్ము పెట్టి కొనియుండవచ్చును. కష్టమంతయు ఆ మూడవవానివలననే.

ఇది పాతకాలపు రాళ్లకు, తాటాకులకు మాత్రమే సంబంధించిన చిక్కు కాదు. 2024 నవంబరులో స్విట్జర్లాండు దేశపు అత్యున్నత న్యాయస్థానము ఒక బంగారు చేతిగడియారమును గూర్చి ఇచ్చిన తీర్పు లోకమంతట చెప్పుకొనబడినది. ఆ గడియారమునకు మొదటి స్వామి జాన్ లెనన్. అతడు ఇంగ్లండులో లివర్‌పూలు నగరమున పుట్టి, బీటిల్స్ అను బృందముతో జగత్ప్రసిద్ధుడైన గాయకుడు. 1968లో ఋషీకేశమునకు వచ్చి మహేశ యోగి ఆశ్రమములో కొన్ని వారములు గడిపినవాడు. 1980 అక్టోబరు 9వ తేదీన అతనికి నలువది ఏండ్లు నిండినవి. ఆ జన్మదినమునకు భార్య యోకో ఓనో అతనికి ఆ గడియారమును కానుకగా ఇచ్చినది. వెనుక భాగమున తన పేరు, తేదీ, ప్రేమతో ఒక మాట చెక్కించినది. డిసెంబరు 8వ తేదీ రాత్రి న్యూయార్కులో ఇంటి వాకిట అతడు తుపాకి గుండ్లకు బలియైనాడు. ఆ కానుక అతని చేతికి ఉన్నది రెండు నెలలు.

ఆ గడియారము జినీవా నగరపు పటేక్ ఫిలిప్ వారు చేసినది. 2499 అను సంఖ్యతో ప్రసిద్ధమైన ఆ తరహా గడియారములు ముప్పదియైదు సంవత్సరముల కాలములో మూడువందల యాభైకి మించి తయారు కాలేదు. అది గంటలు నిమిషములు చెప్పుటతో ఆగదు. వారము, తేదీ, నెల చెప్పును, చంద్రుని వృద్ధిక్షయములు చూపును. ఏ నెలకు ముప్పది, ఏ నెలకు ముప్పదియొకటి, ఏ ఏట ఫిబ్రవరికి ఇరువదితొమ్మిది అనునది ఎవరును తిప్పకుండ లోపలి చక్రములే లెక్కించుకొనును. అంత గొప్ప యంత్రమునకును అధికమాసము తెలియదు. ఆ పని ఇంకను పంచాంగకర్తలదే.

లెనన్ గతించిన పిదప ఆ గడియారము ఇంటిలో భద్రము చేయబడినది. చాల ఏండ్లకు ఆ ఇంట డ్రైవరుగా పనిచేసినవాడొకడు దానిని తీసికొనిపోయినాడని తరువాత న్యాయస్థానములు నిర్ణయించినవి. అది చేతులు మారినది. సముద్రములు దాటినది. 2014లో ఒక సేకరణకర్త ఆరు లక్షల యూరోలకు దానిని కొన్నాడు. వెల ఎంతో నిర్ణయింపుమని జినీవాలోని ఒక వేలముశాల వారికి చూపినాడు. వారు యోకో ఓనో పక్షమువారిని విచారించినారు. అంతవరకును గడియారము పోయిన సంగతియే ఆమెకు తెలియదు. కొన్నవాడు నాది అన్నాడు, ఆమె నాది అన్నది. సుమారు పదేండ్లు వ్యాజ్యము నడచినది. జినీవా న్యాయస్థానములు ఆమె పక్షమున చెప్పినవి, పై న్యాయస్థానము దానిని స్థిరపరచినది.

మనువు, యాజ్ఞవల్క్యుడు ఈ తగవు విన్నచో ఏమి చెప్పియుందురు? యాజ్ఞవల్క్యుని మాట స్పష్టముగా ఉన్నది. ఇతరుడు అమ్మిన తన వస్తువును స్వామి మరల పొందవచ్చును. చాటుగా కొన్నవానికి దోషము. హీనుని వద్ద, రహస్యముగా, తక్కువ వెలకు, వేళగాని వేళ కొన్నవాడు దొంగతో సమానుడు. విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో దీనిని విస్తరించినాడు. పదమూడవ శతాబ్దిలో కేతన ఆ గ్రంథమును తెలుగులో పద్యములుగా వ్రాసినందున తెలుగువారికి ఈ ధర్మము సంస్కృతము రాకున్నను అందినది. మనువు మరికొంత దయగా ఉన్నాడు. నలుగురి యెదుట, బహిరంగముగా కొని, అమ్మినవానిని చూపజాలనివానిని రాజు దండింపరాదు; కాని వస్తువు మాత్రము పోగొట్టుకొన్నవానికే చెందవలెను. కొన్నవాడు నిర్దోషియైనను వస్తువు అతనిది కాదు. శిక్ష వేరు, స్వామ్యము వేరు. ఈ వివేకము మనుస్మృతిలో ఉండుటయు, రెండువేల ఏండ్ల తరువాత ఆల్పు పర్వతముల దేశములో వచ్చిన తీర్పు ఆ దారినే పోవుటయు గమనింపదగినది.

బృహస్పతి దృష్టి వేరు. తెలియనివాని వద్ద కొనుట ఒక దోషము, తన వస్తువును తాను కాపాడుకొనకుండుట మరొక దోషము. అమ్మినవాడు దొరకనప్పుడు ఆ నష్టమును ఇద్దరును సగము సగము భరింపవలెనని అతని అభిప్రాయము. ఇది కటువుగా తోచును. భర్త జ్ఞాపకముగా దాచుకొన్న వస్తువు పోయినందుకు విధవ వెలలో సగము చెల్లింపవలెనా అని అడుగవచ్చును. ఆ గడియారము విషయమున బృహస్పతి తీర్పును అమలుచేయుట న్యాయము కాదు. అది విస్మరణము కాదు, నమ్మినవాడు చేసిన ద్రోహము. అయినను బృహస్పతి ఒక సత్యమును ఎరిగినవాడు. సొత్తు కలిగియుండుట ఒక హక్కే కాదు, ఒక పని కూడ. దేవుని మాన్యములు అన్యాక్రాంతమైన గ్రామములలో ఈ మాట ఎవరికిని విడమరచి చెప్పనక్కరలేదు.

శాస్త్రములో ఇంకొక పదమున్నది: ఆగమము. వైష్ణవులకు ఆగమమనగానే వైఖానసము, పాంచరాత్రము స్ఫురించును. వ్యవహారశాస్త్రమున ఆగమమనగా వస్తువు ఎట్లు వచ్చినది అను మూలము. భోగము కంటె ఆగమము బలవత్తరము. "నా వద్ద ఉన్నది" అనుట భోగము. "ఇట్లు వచ్చినది" అనుట ఆగమము. తరతరములుగా వచ్చిన అనుభవము సంగతి వేరు, దానికి మినహాయింపు ఉన్నది. తక్కినచోట ఎన్ని ఏండ్లు చేతికి పెట్టుకొని తిరిగినను మూలము చూపలేనివాడు స్వామి కాలేడు.

ఇక్కడ ఒక ఆక్షేపము వచ్చును. భక్తులలోనే కొందరు దీనిని తీసికొనివత్తురు. "సర్వమును భగవంతునిదే కదా. కురుని తండ్రిదేమి, గాయకుని భార్యదేమి, కొన్నవానిదేమి? మన్ను ఆయనది, బంగారము ఆయనది. నీది నాది అని కొట్లాడుట అజ్ఞానము కాదా?" వినుటకు ఇది వైరాగ్యమువలె ఉన్నది. పరీక్షించినచో దొంగకు ఇంతకంటె మంచి వకీలు దొరకడు.

శ్రీవైష్ణవ సంప్రదాయము శేషశేషిభావమును చెప్పినది నిజము. మానవులలో ఎవడును ఏ వస్తువునకును మొదటి స్వామి కాడన్నదియు నిజము. కాని దానివలన స్వామ్యభేదములు చెరిగిపోవు, మరింత గట్టిపడును. ఇల్లు ఒకనిదైనప్పుడు, ఆ ఇంటి యజమాని ఒక్కొక్క గది తాళము ఒక్కొక్క సేవకునకు ఇచ్చినాడనుకొనవలెను. "ఇల్లంతయు యజమానిదే" అని ఒక సేవకుడు రెండవవాని గదిలోని వస్తువు తీసినచో అతడు చేసిన అపరాధము ఒకటి కాదు, రెండు. తోటివానికి చేసినది ఒకటి, ఎవరికి ఏది అప్పగింపవలెనో నిర్ణయించిన యజమానికి చేసినది రెండవది. మనువు అస్వామివిక్రయమునకు ముందు నిక్షేపమును, అనగా నమ్మి అప్పగించిన సొమ్మును చెప్పినాడు. ప్రపత్తికి న్యాసమని, నిక్షేపమని పెద్దలు పేర్లు పెట్టినారు. కోర్టులో వాడు మాటనే మోక్షోపాయమునకు వాడిన ఆ పెద్దలు లౌకిక ధర్మమును తేలికచేయదలచినవారు కారు. ఆత్మనే తనదని అనుకొనుటను ఆత్మాపహారమని, చౌర్యములన్నిటిలోను పెద్ద చౌర్యమని వారు చెప్పిరి. అట్టి సూక్ష్మమైన దొంగతనమునకే వణకినవారు స్థూలమైన దొంగతనమును క్షమింతురా?

యజ్ఞములో ఆహుతి వేయునప్పుడు యజమాని "న మమ" అనును. నాది కాదు అని అర్థము. ఈ రెండు మాటలలోనే త్యాగము జరుగును. అగ్ని కాల్చుట తరువాతి పని. అయితే ఎవడు "న మమ" అనగలడు? అంతకు ముందు క్షణము వరకు "మమ" అని సత్యముగా అనగలిగినవాడు. దొంగిలించిన నేయి వ్రేల్చుచు "నాది కాదు" అన్నవాడు త్యాగము చేయుట లేదు, ఉన్న సంగతి చెప్పుచున్నాడు. ఆ మాట అతని నోట సాక్ష్యమగును గాని సమర్పణము కాదు. కురుని తల్లిదండ్రులు తమ బంగారమును తామే భరిణెలో పెట్టి, మూత వేసి, ఎవరును చూడని చోట పూడ్పించినారు. శాసనము కూడ గర్భములోనే ఉండిపోవునని వారికి తెలియును. ఎవరు చదువుదురని వ్రాసినారు? ఇది మా సొమ్ము, ఇకమీద మాది కాదు, అని అచ్చట నిశ్చయమైనది. చదువువాడు ఉన్నను లేకున్నను ఆ వాక్యమునకు కొరత లేదు.

దొంగసొమ్ముతో దేవునికి కానుక పెట్టవచ్చునా అను ప్రశ్నకు తెలుగువారి వద్ద ఒక ప్రసిద్ధమైన ఉత్తరమున్నది. కంచెర్ల గోపన్న తానీషా ప్రభుత్వమున పాల్వంచ తహశీలుదారుగా ఉండి, సర్కారునకు చెల్లవలసిన పన్నులతో భద్రాచలమున రామాలయము కట్టించి, నగలు చేయించినాడు. గోలకొండలో చెరసాల పాలైనాడు. చెరసాలలో అతడు పాడిన పాటలను తెలుగు దేశము మరువలేదు. రాముడు లక్ష్మణునితో మారువేషమున వచ్చి ఆరు లక్షల వరహాలు తానీషాకు చెల్లించి భక్తుని విడిపించినాడని సంప్రదాయము చెప్పును. ఈ కథను చెప్పుకొనువారు భక్తుని మహిమను, భగవంతుని వాత్సల్యమును తలచి కన్నీరు పెట్టుకొందురు. అది ఉచితమే. కాని కథలో ఇంకొక అంశమున్నది. తానీషాను భయపెట్టి గోపన్నను విడిపించుట రామునకు కష్టమా? రావణుని గెలిచినవాడు. అయినను అట్లు చేయలేదు. లెక్క ప్రకారము పైకము చెల్లించినాడు, రసీదు పుచ్చుకొన్నాడు. నగలు తన మెడలోనే ఉన్నను అవి తనవి కావలెనన్నచో సర్కారు బాకీ తీరవలెనని స్వామియే ఒప్పుకొన్నట్లు ఆ కథ చెప్పుచున్నది.

భట్టిప్రోలు ప్రస్తావన వచ్చినప్పుడు గురుపరంపర తెలిసినవారికి తిరుమంగై ఆళ్వారు వృత్తాంతము తలపునకు రాకపోదు. శ్రీరంగ ప్రాకారముల నిర్మాణమునకై నాగపట్టణపు బంగారు బుద్ధప్రతిమను ఆయన తెచ్చినాడని ఆ గ్రంథములలో ఉన్నది. దీనిని దాచుట మర్యాద కాదు, ప్రమాణముగా చూపుట అంతకంటె మర్యాద కాదు. ఆళ్వారుల చరిత్రములు వారి ప్రేమ ఎంత దూరము పోయినదో చెప్పును. గృహస్థులు నడువవలసిన త్రోవ ఏదో చెప్పుటకు స్మృతులున్నవి. విషము మ్రింగిన శివుని చూచి ఎవరును విషము త్రాగరు. ఇతరులు ఏ దేవునికో "న మమ" అని ఇచ్చివేసిన బంగారమును మరియొక దేవుని పేర తీసికొనుట, ఆ ఆళ్వారుకు తప్ప మరెవరికిని చెల్లదని చెప్పుటయే ఆయనకు చేయు గౌరవము.

దేవునికి ఇచ్చినది దేవునిదే అను మాటను ఇతరదేశపు న్యాయస్థానము కూడ అంగీకరించిన సందర్భమున్నది. తంజావూరు ప్రాంతమున పత్తూరు గ్రామపు శిథిలాలయములో పూడియున్న నటరాజ విగ్రహము 1976లో ఒక కూలివానికి దొరికినది. అది చేతులు మారి లండను చేరినది. 1982లో కొన్నవారు బాగుచేయించుటకు ఇచ్చియుండగా పట్టుబడినది. గడియారమువలెనే అదియు తెలిసినవారి కంటబడుటచే బయటపడినది. లండను న్యాయస్థానమున ఆ ఆలయపక్షమున వాదము జరిగినది. వాదులలో ఆలయపు శివలింగమును కూడ చేర్చినారు. 1991లో ఆలయపక్షమునకు తుదివిజయము కలిగి నటరాజు స్వదేశమునకు వచ్చినాడు. శతాబ్దముల తరబడి పూజలేని ఆలయము, అయినను స్వామ్యము నశింపలేదు.

తిరుమల హుండీలో చేతిగడియారములు కూడ పడునని యాత్రికులలో కొందరికి మాత్రమే తెలియును. దర్శనమునకు పోవుచు చేతికున్నదానిని విప్పి వేయువారున్నారు. మ్రొక్కుబడిగా క్రొత్తది కొని వేయువారున్నారు. దేవస్థానమువారు వానిని తరహాలవారీగా వేరుచేసి, క్రొత్తవి, వాడినవి, కొంత దెబ్బతిన్నవి అని విభజించి అప్పుడప్పుడు వేలము వేయుదురు. ఆ వేలములో టైటాన్, క్యాసియో, టైమెక్స్ వంటి పేర్లు వినబడును. ఎవరి చేతి గడియారమన్నది వినబడదు. గాయకుని గడియారమునకు అంత వెల పలికినది బంగారముచేత కొంత, అరుదగుటచేత కొంత, వెనుక చెక్కిన పేరుచేత మరికొంత. హుండీలోని గడియారము వెనుక కూడ ఎవరో ఏదో చెక్కించియుండవచ్చును. పెండ్లినాటి తేదీ ఉండవచ్చును. దానికి ఒక్క రూపాయి ఎక్కువ రాదు. ఇచ్చినవాడు కోరినదియు అదే.

హుండీ సంగతి వచ్చినది గనుక ఒక చిన్న విషయము చెప్పవలసియున్నది. పుష్కరిణి మెట్ల మీదనో, సత్రపు గదిలోనో, వరుసలో నిలిచిన చోటనో ఒక గడియారమో ఉంగరమో దొరుకును. దొరికినవాడు భక్తుడు, దానిని జేబులో వేసికొనుటకు మనస్సు రాదు. "స్వామి సన్నిధిలో దొరికినది, స్వామికే చెందును" అని తీసికొనిపోయి హుండీలో వేయును. పుణ్యము చేసితినని సంతోషించును. ఇది పలువురు చేయు పని. చేసినవారి మనస్సు మంచిదే.

శాస్త్రము దీనిని మెచ్చదు. స్వామి తెలియని సొత్తును రాజు చాటింపు వేయించి మూడు సంవత్సరములు భద్రపరుపవలెనని మనువు చెప్పినాడు. మూడు సంవత్సరములు! అంతవరకు రాజునకే దానిమీద అధికారము లేదు. వచ్చి నాదన్నవాడు రూపము, సంఖ్య మొదలగు ఆనవాళ్లు చెప్పవలెను. భూమిలో దొరికిన నిధులకు 1878లో వచ్చిన చట్టము కూడ కలెక్టరుకు తెలియజేయుట, ప్రకటన చేయుట, హక్కుదారులను విచారించుట మొదట పెట్టి, పంపకము తరువాత పెట్టినది. చౌర్యమునకు ప్రాయశ్చిత్తము చెప్పినచోట మనువు కృచ్ఛ్రమునకు ముందు వస్తువును తిరిగి ఇచ్చివేయుమన్నాడు. ఇచ్చిన పిదపనే ఉపవాసము. స్వామి ఉండగా మరియొకని సొమ్ము హుండీలో వేసి తాను పుణ్యము తీసికొనుట ఒక విధమైన అస్వామివిక్రయమే. వెల రూపాయలలో కాక పుణ్యములో పుచ్చుకొనబడినది, అంతే భేదము.

కావున దొరికిన గడియారమును దేవస్థానపు కార్యాలయములోనో, పోలీసు స్టేషనులోనో అప్పగింపవలెను. పోగొట్టుకొన్న ముసలమ్మ కొండ దిగకముందే మైకులో పేరు విని పరుగెత్తుకొని రావచ్చును. అది పోయిన భర్త చేతి గడియారము కావచ్చును, నడువక ఆగిపోయి ఎన్నో ఏండ్లు అయియుండవచ్చును. ఆమె దానిని కొంగున ముడివేసికొని ఊరికి తీసికొనిపోవచ్చును. లేదా మరల వరుసలో నిలిచి, తన చేతితోనే హుండీలో వేయవచ్చును.